గర్భసంచి జారినపుడు: చికిత్సను ఎన్నుకొనుట ఎట్లు?

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున మహిళాసభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవములో వైద్యురాలికి ఏమి పని యని కొందరికి తోచవచ్చును. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండియు మన గ్రంథాలయోద్యమము అలమారలలో పుస్తకములు పేర్చుటతో తృప్తి పడలేదు. చదువు రానివారికి చదివి వినిపించుట, తెలియనిదానిని తెలియజెప్పుట, అడుగుటకు జంకువారికి అడుగు ధైర్యము నిచ్చుట ఆ ఉద్యమమునకు మొదటినుండియు ఉన్న లక్ష్యములు. కావున మహిళాసభలో వైద్యవిషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు సంతోషముతో అంగీకరించితిని.

నేను చెప్పబోవు విషయము నలుగురిలో నోరు విప్పి చెప్పుకొనునది కాదు. అది గర్భసంచి జారుట. మా వద్దకు వచ్చు స్త్రీలు తలుపు మూసిన తరువాత గొంతు తగ్గించి, “కింద ఏదో జారినట్లుండాది” అందురు. “కూచుంటే బంతి మింద కూచున్నట్లుండాది” అందురు. ఎన్నాళ్లనుండి అమ్మా అని అడిగినచో “చిన్నబిడ్డ పుట్టినప్పట్నించీ” అని సమాధానము వచ్చును. ఆ చిన్నబిడ్డకు అప్పటికి పెండ్లియై పిల్లలు పుట్టి యుందురు!

ఈ మౌనము మన జిల్లాకే పరిమితము కాదు. మన తెలుగునేలకు సరిహద్దుననే యున్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టరు రాణీ బంగ్, డాక్టరు అభయ్ బంగ్ దంపతులు రెండు గ్రామముల స్త్రీలను పరీక్షించి 1989లో ఫలితములను ప్రకటించిరి. నూటికి 92 మందికి ఏదో యొక స్త్రీవ్యాధి యున్నట్లు తేలినది. అంతకుముందు ఎప్పుడైనను పరీక్ష చేయించుకొనినవారు నూటికి 8 మంది మాత్రమే. మన పొరుగున రాయవేలూరులో ఐడా స్కడ్డర్ అను వైద్యురాలు 1900లో ఒక్క మంచముతో చిన్న వైద్యశాల తెరచుటకును, 1918లో స్త్రీలకు వైద్యపాఠశాల స్థాపించుటకును కారణము ఇదియే. పురుషవైద్యునికి చెప్పుకొనలేక బాధపడు స్త్రీలను ఆమె కన్నులార చూచెను.

మౌనము ఒక కీడు. తొందరపాటు రెండవ కీడు. ముప్పదియేండ్లు దాచిన బాధను ఒకనాడు చెప్పిన వెంటనే, “సంచి తీసేస్తే సరిపోతుంది” అని ఇంటివారో, ఇరుగుపొరుగువారో, ఒక్కొక్కపుడు వైద్యులో తీర్పు చెప్పివేయుదురు. 2015-16, 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలలో ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి సుమారు 9 మంది గర్భసంచి తీయించుకొనినట్లు తెలిసినది. దేశము మొత్తముమీద ఆ సంఖ్య నూటికి 3 మాత్రమే. ఈ శస్త్రచికిత్సలలో అధికభాగము రక్తస్రావము మొదలైన కారణములకు జరిగినవే గాని జారుటకు జరిగినవి కావు. ఐనను సంచిని తీసివేయుటయే స్త్రీవ్యాధులన్నిటికి మందు అను నమ్మకము మనలో ఎంతగా పాతుకొన్నదో ఈ అంకెలు చెప్పుచున్నవి. ఆ నమ్మకమే జారినవారి విషయములోను పని చేయుచున్నది.

వ్యాధి స్వరూపము

పెరటిలోని సొరపందిరిని తలచుకొనుడు. నాలుగు గుంజలు, అడ్డముగ వేసిన వాసములు, వానిని బిగించిన పురులు కలిసి కాయల బరువును మోయుచుండును. గుంజ కుంగినను, పురి సడలినను కాయ నేలకు దిగును. కాయను కోసివేసినంత మాత్రమున పందిరి మరల నిలువబడదు. కుంగిన గుంజను నిలువబెట్టవలెను, సడలిన పురిని బిగింపవలెను.

స్త్రీ శరీరములో కటిప్రదేశమున గర్భసంచి నడుమను, మూత్రాశయము ముందును, మలాశయము వెనుకను ఉండును. వీనిని క్రిందినుండి ఒక కండరముల తట్ట మోయుచుండును. పైనుండియు ప్రక్కలనుండియు కొన్ని బంధనములు పట్టి యుంచును. ఆ కండరములు బలహీనమైనను, బంధనములు సాగినను, పైనున్న అవయవములు యోనిమార్గమున క్రిందికి దిగును. ఒకరిలో ముందుగోడతో మూత్రాశయము దిగును, ఒకరిలో వెనుకగోడతో మలాశయము దిగును, ఒకరిలో గర్భసంచియే దిగును, మరియొకరిలో మూడును దిగును. “సంచి జారినది” అని అందరును ఒకే మాట చెప్పినను, ఏది ఎంత జారినదో పరీక్షించిన గాని తెలియదు. చికిత్స ఎన్నిక దానిపై ఆధారపడి యుండును.

కారణములు మీకు తెలియనివి కావు. కాన్పులు, అందును ఎక్కువసేపు ముక్కుచు కనిన కష్టపు కాన్పులు, ముట్లు ఉడిగిన తరువాత కలుగు దౌర్బల్యము, వదలని దగ్గు, మలబద్ధము, అధికమైన బరువులు, కొందరిలో పుట్టుకతోనే ఉండు బంధనముల మెత్తదనము. మన చిత్తూరు సీమలో పాడియావుల పోషణ, పసులగడ్డి మోపులు, నీళ్లబిందెలు, టమోటా గంపలు ఎక్కువగా స్త్రీల నెత్తిమీదనే నడచుచున్నవి. బాలింత నలుబది దినములైనను విశ్రాంతి తీసికొనవలెనని పెద్దలు పెట్టిన నియమమును కూలిపని చేసికొను ఇండ్లలో పాటించుట కష్టము.

ఇది క్రొత్త వ్యాధియు కాదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రమున యోనివ్యాధులలో ప్రస్రంసిని అనునది చెప్పబడినది. నేయి పూసి, పాలతో కాపు పెట్టి, జారినదానిని లోనికి నెట్టి కట్టు కట్టు విధానము అందు కలదు. ప్రాచీన గ్రీకు వైద్యులు దానిమ్మకాయ చెక్కను లోన అమర్చెడివారు. జారినదానిని నిలుపుటకు లోన ఒక ఆధారము నుంచు నేటి పద్ధతికి ఇవియే పూర్వరూపములు.

వైద్యులు దీనిని నాలుగు దశలుగ విభజించుదురు. మొదటి దశలో అవయవము కొంచెము దిగి లోననే యుండును. రెండవ దశలో ద్వారము దాపునకు వచ్చును. మూడవ దశలో ద్వారము దాటి వెలికి వచ్చును. నాలుగవ దశలో పూర్తిగ వెలుపల నుండును. ద్వారము దాకా రానంతవరకు పెక్కుమందికి బాధయే యుండదు. కావున వేరొక కారణమునకు పరీక్షించినపుడు కొంచెము జారినట్లు కనబడినంత మాత్రమున చికిత్స అక్కరలేదు. ఇది కాన్సరు కాదు, కాన్సరుగ మారునదియు కాదు. సాధారణముగ ఏండ్ల తరబడి మెల్లగ సాగు వ్యాధి. ఆలోచించుకొనుటకు సమయమున్నదను ఒక్క సంగతి తెలిసిన చాలును, సగము భయము తీరును.

అయితే కొన్ని లక్షణములున్నచో ఆలస్యము చేయరాదు. మూత్రము పూర్తిగ బంధించుట, వెలికి వచ్చినది లోనికి పోకపోవుట, దానిపై పుండు పడి రక్తమో చీమో కారుట, ముట్లు ఉడిగిన తరువాత రక్తము కనబడుట, చలిజ్వరముతో నడుమునొప్పి వచ్చుట. ఇట్టివారు వెంటనే వైద్యుని చూడవలెను.

ఉన్న మార్గములు

మొదటి మార్గము చికిత్స లేకుండ కనిపెట్టి యుండుట. బాధ లేనివారికి ఇది సరియైన మార్గమే గాని అశ్రద్ధ కాదు. మలబద్ధము లేకుండ ఆకుకూరలు, రాగిసంకటి, తగినన్ని నీళ్లు తీసికొనుట, దగ్గునకు వైద్యము చేయించుకొనుట, పొగాకు మానుట, బరువులను రెండు మూడు విడతలుగ మోయుట, లావెక్కినవారు కొంత తగ్గుట. ఇవి ఏ చికిత్స ఎన్నుకొనినను తోడుగ నుండవలసినవి.

రెండవది కండరముల వ్యాయామము. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో దీనిని ప్రచారమునకు తెచ్చెను. అపానవాయువును ఆపుకొనునపుడు ఏ కండరములను బిగింతుమో వానినే బిగించి, లోపలికి పైకి లాగి, ఆరు మొదలు పది లెక్కించువరకు పట్టి, పిదప అంతసేపు సడలింపవలెను. ఇట్లు పదిమారులు, దినమునకు మూడు విడతలు. ఊపిరి బిగబట్టరాదు, పొట్టను ముక్కరాదు. మొదట ఒకమారు తెలిసినవారివద్ద నేర్చుకొనుట మేలు, ఏలయన పెక్కుమంది బిగించుటకు మారుగ క్రిందికి ముక్కుదురు. నాలుగు నెలలు విడువక చేసిన గాని ఫలము తెలియదు. బ్రిటన్, న్యూజీలండ్, ఆస్ట్రేలియాలలో 447 మంది స్త్రీలపై జరిగి 2014లో ప్రకటితమైన పరిశోధనలో, వ్యాయామము నేర్చినవారికి ఏడాది తరువాత బాధలు తగ్గినట్లు తేలినది. మొదటి రెండు దశలలో ఇది మంచి మార్గము. పూర్తిగ వెలికి వచ్చినదానిని వ్యాయామము లోనికి లాగలేదు. ఆ ఆశ పెట్టరాదు.

మూడవది రింగు. వైద్యులు దీనిని పెసరీ అందురు. మెత్తని సిలికోనుతో చేసిన వలయమును కొలత చూచి లోన అమర్చుదురు. అది జారినదానిని మోయుచుండును. కోత లేదు, మత్తుమందు లేదు, ఆసుపత్రిలో పడుకొననక్కరలేదు. నచ్చకున్న తీసివేయవచ్చును. బిడ్డలు కావలసినవారికి, గుండెజబ్బు మొదలగువానిచేత శస్త్రచికిత్సకు తగనివారికి, పంట చేతికి వచ్చువరకు ఆగదలచినవారికి ఇది ఉపకరించును. మొదటి కొలత కుదురక పోవచ్చును. రెండు మూడుమారులు మార్చి చూడవలసి యుండును. దీనికి చెల్లింపవలసిన వెల శ్రద్ధ. తీసి కడిగి మరల పెట్టుకొనుట నేర్చుకొనవలెను. అది చేతకానివారు ఆరు నెలలకు ఒకమారైనను వైద్యునికి చూపవలెను. పెట్టించుకొని మరచిపోయినచో లోన ఒరిసి పుండు పడును, ఏండ్లు గడచినచో ప్రక్కనున్న అవయవములకు రంధ్రము పడుటయు కలదు. తమ రింగును తామే చూచుకొను స్త్రీలు ఆసుపత్రికి తిరుగువారితో సమానముగ సుఖముగ నున్నారని, వారికి ఇబ్బందులు తక్కువయని బ్రిటన్‌లో 2023లో ప్రకటితమైన పరిశోధన చెప్పినది.

నాలుగవది శస్త్రచికిత్స. ఇది ఒకటి కాదు, పెక్కు రకములు.

గర్భసంచిని తీసివేసి, పై భాగమును బంధనములకు కుట్టి, సాగిన గోడలను సరిచేయుట మన ఆసుపత్రులలో ఎక్కువగ జరుగునది. ఇందు సంచిని తీయుట కన్న బంధనములకు కుట్టుటయే ముఖ్యము. సొరపందిరిని మరల గుర్తు చేయుచున్నాను.

గర్భసంచిని ఉంచియే పైకి కట్టు విధానములును కలవు. బిడ్డలు కావలసిన వయసువారికొరకు బొంబాయి వైద్యులైన షిరోద్కర్, పురందరేగార్లు రూపొందించిన పద్ధతులు మన దేశపు వైద్యవిద్యార్థులందరు చదువునవే. 19వ శతాబ్దాంతమున మాంచెస్టరు నగరమున పుట్టిన పద్ధతిలో సంచిని ఉంచి దాని క్రింది మెడభాగమును కత్తిరించుదురు. అది పిమ్మట గర్భము నిలుచుటకు అడ్డు కావచ్చును గనుక బిడ్డలు చాలించుకొనినవారికే తగును. సంచిని తీయక వెనుకనున్న బంధనమునకు కుట్టుట మరియొక పద్ధతి. నెదర్లాండ్స్‌లో 208 మంది స్త్రీలపై జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో, ఇట్లు సంచిని ఉంచుట తీసివేయుటకు తీసిపోలేదని తేలినది.

వయసు మీరి, దాంపత్యజీవితము ముగిసినవారికి యోనిమార్గమును లోన చాలవరకు మూసి కుట్టుటయు కలదు. ఫ్రాన్స్‌దేశపు లఫోర్ 1877లో వర్ణించిన పద్ధతి యిది. చిన్న శస్త్రచికిత్స, మరల జారుట అరుదు. అయితే ఆ తలుపు మరల తెరచుకొనదు. అందుచేత ఇది ఆమె పూర్తిగ గ్రహించి ఒప్పుకొనిన తరువాతనే చేయదగినది.

యోనిమార్గమున వల అమర్చి కుట్టు పద్ధతి ఒకకాలమున మిక్కిలి ప్రచారమునకు వచ్చినది. నొప్పి, వల కోసికొని బయటపడుట మొదలైన ఉపద్రవములచేత 2019లో అమెరికా ప్రభుత్వము జారుటకు వాడు అట్టి వలల అమ్మకమును ఆపించినది. పొట్టద్వారా వలతో పైకి కట్టు పద్ధతి వేరు, అది నేటికిని వాడుకలో నున్నది. కావున “వల వాడుదురా? ఏ మార్గమున?” అని అడుగుట ప్రతి స్త్రీకిని హక్కు.

శస్త్రచికిత్స ఏదైనను కొన్ని సంగతులు ముందే చెప్పవలెను. రక్తస్రావము, చీము పట్టుట, ప్రక్క అవయవములకు దెబ్బ తగులుట అరుదుగనైనను కలవు. అంతకుముందు లేని మూత్రపు కారుట క్రొత్తగ మొదలుకావచ్చును. సంగమమున నొప్పి కలుగవచ్చును. మరల జారవచ్చును. అమెరికాలో 1997లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, జారుటకును మూత్రము కారుటకును జరిగిన శస్త్రచికిత్సలలో నూటికి 29 పాళ్లు రెండవమారు చేసినవే. కనీసము ఆరు వారములు బరువులు ఎత్తరాదు. ఈ చివరి మాట ఆసుపత్రిలో ఒక వాక్యము, ఇంటిలో అది పెద్ద సమస్య. ఆవు పాలు ఎవరు పితుకుదురు? గడ్డి ఎవరు తెత్తురు? ముందే ఏర్పాటు లేనిచో కుట్లు మానకమునుపే ఆమె మోపు ఎత్తును.

ఎన్నుకొనుట ఎట్లు?

రింగు మేలా, శస్త్రచికిత్స మేలా? నెదర్లాండ్స్‌లో 440 మంది స్త్రీలను రెండేండ్లు కనిపెట్టి 2022లో ఫలితములు ప్రకటించిరి. శస్త్రచికిత్సతో మొదలుపెట్టినవారిలో నూటికి 81 మంది, రింగుతో మొదలుపెట్టినవారిలో నూటికి 76 మంది తమకు బాగున్నదనిరి. అయితే రింగుతో మొదలుపెట్టినవారిలో సగమునకు పైగా రెండేండ్ల లోపల శస్త్రచికిత్సకు మరలిరి. ఈ అంకెలను శస్త్రచికిత్సను కోరు వైద్యుడు ఒక విధముగను, రింగును కోరు వైద్యుడు మరియొక విధముగను చెప్పవచ్చును. రెండు భాగములును కలిపి చెప్పినపుడే స్త్రీకి న్యాయము జరుగును. రింగుతో మొదలుపెట్టుట తప్పు కాదు. అది కుదరనివారికి శస్త్రచికిత్స తలుపు తెరచియే యుండును. శస్త్రచికిత్సతో మొదలుపెట్టువారికి ఫలము కొంత హెచ్చు, వెనుకకు మరలు వీలు తక్కువ.

ఇట్టిచోట్ల ఏది మేలో శాస్త్రము ఒక్కటే నిర్ణయింపజాలదు. ఆ స్త్రీకి ఏది ముఖ్యమో అది నిర్ణయించును. నాలుగు ఉదాహరణములు ఊహించుకొందము.

డెబ్బదియేండ్ల అవ్వ. గుండెకు మందులు వాడుచున్నది. సంచి పూర్తిగ వెలికి వచ్చినది. ఆమె కోరిక ఒక్కటే, అలిపిరి నుండి 3,550 మెట్లు కాదు గాని ఊరి గుడివరకైనను మూత్రము కారకుండ నడచిపోవుట. ఆమెకు రింగు అమర్చి చూడవచ్చును. కోడలో మనుమరాలో దానిని చూచుకొనలేనిచో, మత్తువైద్యుని సలహాతో చిన్న శస్త్రచికిత్స ఆలోచింపవచ్చును.

ఇరువదియెనిమిదేండ్ల యువతి. ఒక బిడ్డ. రెండవ బిడ్డ కావలెను. సంచి రెండవ దశలో నున్నది. ఆమెకు సంచి తీయు మాటయే రాకూడదు. వ్యాయామము, అవసరమైన రింగు, కాన్పులు ముగిసిన తరువాత మరల విచారణ.

నలుబదియైదేండ్ల గృహిణి. మూడవ దశ. ఆవులు నాలుగు, భర్త బెంగుళూరులో పని చేయుచున్నాడు. పలుమారులు ఆసుపత్రికి తిరుగలేదు. ఒక్కమారు ఏర్పాట్లు చేసికొని శస్త్రచికిత్స చేయించుకొనుట ఆమెకు సులభము. అపుడు సంచి ఉంచుటా తీయుటా అనునది వేరుగ అడుగవలసిన ప్రశ్న. అండాశయములను తీయుట ఇంకను వేరు ప్రశ్న. వానిలో వ్యాధి లేనిచో ఈ వయసున తీయరాదు. అవి ఎముకలకును గుండెకును రక్ష.

ఏబదియేండ్ల ఉపాధ్యాయిని. పరీక్షలో రెండవ దశ కనబడినది గాని ఆమెకు బాధ లేదు. “ముందుముందు ఏమగునో” అను భయము మాత్రమున్నది. ఆమెకు కావలసినది ధైర్యము, వ్యాయామము, ఏడాదికొక పరీక్ష.

నలుగురికి నాలుగు సమాధానములు. వైద్యుని గదిలో చీటీ ఒకటే రీతిగ వ్రాయబడినచో ఎక్కడనో లోపమున్నదని తెలియవలెను.

ఇక వైద్యుల కర్తవ్యము. మొట్టమొదట “అమ్మా, మీకు ఒకటి కన్న ఎక్కువ మార్గములున్నవి” అని చెప్పవలెను. ఈ ఒక్క వాక్యము చెప్పనిదే మిగిలినదంతయు వ్యర్థము. పిదప ఏ బాధ ఎక్కువగ వేధించుచున్నదో, ఏ పని చేయలేకున్నదో అడుగవలెను. ఏమియు చేయకుండుటతో సహా ప్రతి మార్గమును ఒకే తూకముతో చెప్పవలెను. శాతములు వల్లించుటకు మారుగ “మీవంటివారు నూరుగురు చేయించుకొనిన” అని చెప్పవలెను. బొమ్మ గీసి చూపవలెను, రింగును చేతికి ఇచ్చి చూడనీయవలెను. చివర “ఇంటికి పోయి అక్కకు ఎట్లు చెప్పుదువమ్మా?” అని అడిగి ఆమెచేతనే తిరిగి చెప్పించుకొనవలెను. అపుడు తాను సరిగ చెప్పితినో లేదో వైద్యునికే తెలియును.

“మీ ఇష్టమమ్మా” అని ఊరకుండుట ఎన్నిక నిచ్చుట కాదు, భారమును దింపుకొనుట. పెక్కుమంది స్త్రీలు “మీ అమ్మకైతే ఏం చేస్తారు సామీ?” అని అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానము చెప్పవలెను. అయితే ఆమె ఇల్లు, పని, కోరిక విన్న తరువాత చెప్పవలెను, ఆమె నోరు తెరవకముందు కాదు.

మీరు వైద్యునివద్దకు పోవునపుడు ఈ ఆరు ప్రశ్నలు కాగితముపై వ్రాసికొని పోవుడు. నాలో ఏది జారినది, ఎంత జారినది? ఇప్పుడే చికిత్స చేయకున్న ఏమగును? నాకు తగిన మార్గములు ఏవేవి? ఒక్కొక్కదానిలో నూరుగురిలో ఎందరికి మేలు, ఎందరికి ఏ ఇబ్బంది? సంచిని, అండాశయములను ఉంచవచ్చునా, తీయుట ఏల? ఎన్నాళ్లు పని మానవలెను, ఎంత ఖర్చగును, ఎన్నిమారులు తిరుగవలెను? ఈ ఆరింటికి సమాధానము రానిదే తొందరపడి తేదీ పెట్టించుకొనవలదు.

కుటుంబము, సంతకము

మన ఇండ్లలో స్త్రీ ఒంటరిగ నిర్ణయము చేయదు. అత్తగారు, భర్త, కొడుకు, అన్న అందరును కూర్చుందురు. ఇది చెడ్డది కాదు. శస్త్రచికిత్స తరువాత గడ్డిమోపు ఎత్తవలసినది వారే గనుక వారు వినుటయే మేలు. అయితే కొంతసేపైనను ఆమెతో ఒంటరిగ మాటలాడవలెను. దాంపత్యమును గూర్చి, మూత్రమును గూర్చి కొడుకు ఎదుట ఏ తల్లి చెప్పగలదు?

సంతకము మాత్రము ఆమెదే. తెలివిలో నున్న వయోజన స్త్రీకి బదులు భర్తయో కొడుకో ఒప్పుకొనుట చట్టప్రకారము చెల్లదు. పరీక్షకొరకు మత్తు ఇచ్చిన రోగికి, తల్లి ఒప్పుకొనినదని గర్భసంచి తీసివేసిన వ్యాజ్యములో మన సుప్రీముకోర్టు 2008లో తీర్పు చెప్పుచు, ఒకదానికి ఇచ్చిన సమ్మతి వేరొకదానికి చెల్లదని స్పష్టము చేసినది. అనవసరముగ గర్భసంచులు తీయుటను అరికట్టుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకములు వెలువరించినది. వానిని రాష్ట్రములన్నియు అమలుపరుపవలెనని సుప్రీముకోర్టు 2023 ఏప్రిలులో ఆదేశించినది. వ్రేలిముద్ర వేయు తల్లికిని ఈ రక్షణ సమానమే. చదివి వినిపించుమని అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

ధనమును గూర్చి ఒక మాట. 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన పిమ్మట బీదవారికి పెద్ద శస్త్రచికిత్సలు అందుబాటునకు వచ్చినవి. అది గొప్ప మేలు. కాని ఇట్టి పథకములు ముఖ్యముగ ఆసుపత్రిలో చేరి చేయించుకొను చికిత్సలకు ఉద్దేశింపబడినవి. ఉచితమైనది గనుక అదియే మంచిదనియు, చేతి డబ్బు పెట్టి కొనవలసిన రింగు తక్కువదనియు భావింపరాదు.

ఎక్కడికి పోవలెను? తిరుపతిలో 1960లో శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాల స్థాపింపబడినది. అక్కడ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి కలదు. స్విమ్స్ సంస్థయు, దానికి అనుబంధముగ 2014లో ప్రారంభమైన శ్రీ పద్మావతి మహిళా వైద్యకళాశాలయు కలవు. చిత్తూరు వైపువారు రాయవేలూరునకు పోవుట తరతరముల వాడుక. అక్కడ తమిళము రానివారు తెలుగు తెలిసినవారిని పిలిపింపుమని అడుగవలెను. భాష అర్థము కాని సమ్మతి సమ్మతి కాదు. ఎముక విరిగినపుడు పుత్తూరు కట్టునకు పరుగెత్తుట మన సీమవారికి అలవాటే. అంత చొరవ ఈ బాధ విషయములోను చూపవలెనని నా కోరిక.

గ్రంథాలయము చేయదగిన పని

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా వార్తాపత్రికలను, నవలలను, పిల్లల పుస్తకములను అందించుచున్నది. నెలకొక దినమున స్త్రీలకు మాత్రమే తలుపు తెరచి, ఆశా కార్యకర్తనో, ఏ.ఎన్.ఎం.నో పిలిచి, ఈ విషయములను చదివి వినిపించిన ఎంత మేలగును! గోడపై శరీరపు పటమొకటి, బల్లపై ఆరు ప్రశ్నల కాగితములు, పొదుపు సంఘపు స్త్రీలు కూర్చుండుటకు చాపలు చాలును. వ్రాయలేనివారి ప్రశ్నలను చదువుకొనిన ఆడపిల్ల వ్రాసి ఇచ్చినచో, ఆ పిల్ల తన కాన్పునాటికి తెలిసికొనవలసినదంతయు ముందే తెలిసికొనును.

పుస్తకము మన చేతికి ఎన్నిక నిచ్చును. ఇది చదువుమని ఎవరును బలవంతము చేయరు. అలమార ముందు నిలువబడి, తిరుగవేసి చూచి, మనకు కావలసినదానిని తీసికొందుము. తన శరీరమును గూర్చియు ప్రతి స్త్రీకి ఆ మాత్రపు సావకాశము, ఆ మాత్రపు గౌరవము దక్కవలెను. అది ఆసుపత్రి గోడలలోపలనే పుట్టదు. ఇట్టి గ్రంథాలయపు చాపలపై పుట్టి ఆసుపత్రివరకు నడచిపోవలెను.